అడ్డగించుటా, మరలిపోవుటా? - ‘సద్ద’ క్రియకు తెలుగు అనువాదం: ఒక పరిశీలన

దివ్య ఖుర్ఆన్‌లోని 47వ సూరా ‘ముహమ్మద్’ మొదటి ఆయత్‌లో సత్యతిరస్కారుల కర్మలు నిష్ఫలమైన సంగతి ఉంది. అక్కడ వారి మీద రెండు అభియోగాలు మోపబడ్డాయి. మొదటిది తిరస్కారం. రెండవదాన్ని ‘సద్దూ’ అనే ఒకే ఒక క్రియ చెబుతుంది. దాని వెంట ‘అన్’ అనే అవ్యయమూ, దైవమార్గమూ ఉన్నాయి. ఇంతకూ వారు చేసిన నేరమేమిటి? ఇతరులు ఆ మార్గాన నడవకుండా అడ్డుపడ్డారా? లేక ఆ మార్గం నుండి తామే ముఖం తిప్పుకున్నారా? అరబీ తెలిసిన పాఠకునికి ఆ క్రియ రెండింటినీ వినిపిస్తుంది. తెలుగు పాఠకునికి మాత్రం అనువాదకుడు ఏది చేతికిస్తే అదే దక్కుతుంది.

ఈ చిన్న క్రియ దగ్గర తెలుగు అనువాదాలు సాధారణంగా అనుసరిస్తున్న పద్ధతిని, దానివల్ల అర్థానికి కలుగుతున్న నష్టాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అరబీలో ‘సద్ద’

‘సద్ద’ లాజిమ్ (అకర్మకం) గానూ, ముతఅద్దీ (సకర్మకం) గానూ వాడబడే క్రియ. భూతకాలంలో రెండింటికీ రూపం ఒక్కటే. భేదం స్పష్టంగా కనిపించేది మస్దర్‌లో. తాను మరలిపోవడానికి ‘సుదూద్’ అనీ, ఇతరులను ఆపడానికి ‘సద్ద్’ అనీ నిఘంటుకారులు సాధారణంగా విభజిస్తారు. ‘నిసా’ సూరాలో ఈ రెండూ ఉన్నాయి. కపటుల ప్రవర్తనను వర్ణించే 4:61లో క్రియ వెంట ‘సుదూద్’ వచ్చింది. కనుక అక్కడ వారు మహాప్రవక్త (స) నుండి తాము తొలగిపోవడమే అర్థం. బనీ ఇస్రాయీల్ అపరాధాలను లెక్కించే 4:160లో ‘సద్ద్’ వచ్చింది. అక్కడ ఇతరులకు అడ్డుపడటం అర్థం. అయితే ప్రతిచోటా క్రియకు మస్దర్ తోడు రాదు. 47:1లో అది లేదు.

ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ తమ ‘ముఫ్రదాత్’లో ఈ ధాతువును వివరిస్తూ రెండర్థాలనూ పక్కపక్కనే ఉంచారు. ఒకటి ‘ఇన్సిరాఫ్’, అంటే తాను మళ్ళడం. రెండవది ‘సర్ఫ్’, అంటే మరొకరిని మళ్ళించడం. హిజ్రీ 538లో మరణించిన జమఖ్షరీ కూడా ‘కష్షాఫ్’లో 47:1 దగ్గర రెండర్థాలనూ పేర్కొన్నారు. ఇటీవలి శతాబ్దంలో మౌలానా మౌదూదీ ‘తఫ్హీముల్ ఖుర్ఆన్’లో ఇదే ఆయత్ కింద, ఈ పదం అరబీలో లాజిమ్‌గానూ ముతఅద్దీగానూ వాడబడుతుందని చెప్పి రెండు భావాలనూ వివరించారు. అంటే వ్యాఖ్యాతలకు ఈ సంగతి ఎన్నడూ మరుగున పడలేదు.

ఇక్కడ లిపికి సంబంధించిన ఒక హెచ్చరిక అవసరం. తెలుగులో ‘సాద్’కూ ‘సీన్’కూ ఒకే ‘స’ వ్రాయవలసి వస్తుంది. ‘యాసీన్’ సూరాలో (36:9) అడ్డుగోడ అనే అర్థంలో వచ్చే ‘సద్ద్’ సీన్‌తో మొదలయ్యే వేరొక ధాతువు. తెలుగు లిపిలో చూసి రెండింటినీ ఒకటిగా భావించిన విద్యార్థి, ‘సద్ద’ అంటే గోడ కట్టడమే అనుకొని మరలిపోవడమనే అర్థాన్ని మొదటనే పోగొట్టుకుంటాడు.

తెలుగు క్రియల స్వభావం

తెలుగులో ఇటువంటి క్రియలు జంటలుగా ఉంటాయి. ఆగు - ఆపు, మళ్ళు - మళ్ళించు, మరలు - మరల్చు, తొలగు - తొలగించు. ‘బండి ఆగింది’ అంటే ఒక అర్థం, ‘బండిని ఆపాడు’ అంటే ఇంకొక అర్థం. ‘నీరు పక్క పొలంలోకి మళ్ళింది’ అన్నప్పుడు ఎవరూ రైతును నిందించరు. ‘నీటిని మళ్ళించాడు’ అన్నప్పుడు పంచాయితీ మొదలవుతుంది. ఉర్దూలోని ‘రుక్‌నా - రోక్‌నా’ ఇటువంటి జంటే. రాగిబ్ వివరణకు వాడిన ‘ఇన్సిరాఫ్ - సర్ఫ్’ కూడా ఒకే ధాతువు నుండి పుట్టిన జంట.

‘సద్ద’ ఈ రెండు పనులనూ ఒంటరిగా చేస్తుంది. తెలుగులో దానికి సరితూగే ఏకపదం లేదు. కనుక అనువాదకుడు ప్రతి ఆయత్ దగ్గరా ఆగి, ఇది మళ్ళడమా, మళ్ళించడమా అని నిర్ణయించుకోక తప్పదు. ఆ నిర్ణయం చేసినందుకు అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. నిర్ణయం చేస్తున్నట్టు తెలియకుండానే అలవాటుగా ఒకే పక్షానికి మొగ్గితే మాత్రం ఆక్షేపించవలసిందే.

కుండలీకరణం చేసే పని

1920లలో చిలుకూరి నారాయణరావు గారి కృషితో మొదలైన తెలుగు ఖుర్ఆన్ అనువాద సంప్రదాయం తరువాతి దశాబ్దాలలో ఎంతో విస్తరించింది. ఈ సంప్రదాయంలో ‘సద్ద’ దగ్గర తరచుగా కనిపించే పద్ధతి ఒకటుంది. క్రియను ‘ఆపారు’, ‘ఆటంకపరిచారు’, ‘నిరోధించారు’ అని సకర్మకంగా అనువదిస్తారు. సకర్మక క్రియకు కర్మ కావాలి కదా! మూలంలో అది లేదు. అందుచేత ‘(ప్రజలను)’ అని గాని, ‘(ఇతరులను)’ అని గాని కుండలీకరణంలో చేరుస్తారు.

ఇది తెలుగులోనే పుట్టిన అలవాటు కాదు. హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న కాలంలో పిక్తాల్ పూర్తిచేసి 1930లో ప్రచురించిన ఇంగ్లీషు అనువాదంలోనూ, 1934లో లాహోరులో వెలువడటం మొదలైన అబ్దుల్లా యూసుఫ్ అలీ అనువాదంలోనూ 47:1 దగ్గర ఇటువంటి కుండలీకరణమే ఉంది. 1955లో ఆర్బెరీ మాత్రం కర్మను చేర్చకుండా వదిలివేశారు. ఇంగ్లీషు వాక్యానికి అది కొంత వెలితిగా కనిపించినా, మూలంలోని వెలితి అలాగే నిలిచింది.

కుండలీకరణం నిజాయితీకి గుర్తు అని కొందరంటారు. మూలంలో లేని మాట ఇది అని పాఠకునికి చెప్పే చిహ్నమే అది. కాని ఇక్కడ అది చేస్తున్న పని వేరు. ఖుర్ఆన్ కర్మను చెప్పదలచినచోట స్పష్టంగా చెప్పింది. 3:99లో గ్రంథప్రజలను ప్రశ్నించేటప్పుడు, 7:86లో షుఐబ్ ప్రవక్త (అ) తన జాతిని హెచ్చరించేటప్పుడు, అడ్డగింపబడుతున్నవారు విశ్వసించినవారే అని మూలంలోనే ఉంది. 48:25లో ‘మిమ్మల్ని’ అనే సర్వనామం క్రియకే అంటుకొని ఉంది. 47:1లో, 58:16లో, 63:2లో కర్మ లేదు. అన్నిచోట్లా ‘ప్రజలను’ అని చేర్చిన అనువాదంలో ఈ తేడా చెరిగిపోతుంది. కుండలీకరణపు గీతలను కన్ను గమనించినా, పైకి చదివేటప్పుడు చెవి వాటిని వినదు.

63వ సూరా ‘మునాఫిఖూన్’ దీనికి మంచి ఉదాహరణ. అది పదకొండు ఆయత్‌ల చిన్న సూరా. అందులో ఈ క్రియ రెండుసార్లు వచ్చింది. ఐదవ ఆయత్‌లో కపటులు తలలు తిప్పుకుని అహంభావంతో తొలగిపోతారు. అక్కడ అర్థం అకర్మకమే. రెండవ ఆయత్‌లో వారు ప్రమాణాలను డాలుగా చేసుకున్న సందర్భంలో అదే క్రియ వచ్చింది. అక్కడ రెండర్థాలకూ చోటుంది. మొదట ‘(ప్రజలను) ఆటంకపరిచారు’ అనీ, తరువాత ‘విముఖులయ్యారు’ అనీ చదివిన తెలుగు పాఠకునికి ఇవి రెండూ ఒకే మాట అని తెలిసే అవకాశమే లేదు. డాలు చాటున దాగినవాడే తల తిప్పుకున్నవాడని ఆ సూరా ఒకే క్రియతో ముడివేసింది. అనువాదంలో ఆ ముడి ఊడిపోయింది.

‘నుండి’తో వచ్చిన చిక్కు

రెండవ లోపం వాక్యనిర్మాణంలో ఉంది. ‘దైవమార్గం నుండి ఆటంకపరిచారు’, ‘దైవమార్గం నుండి అడ్డగించారు’ అనే వాక్యాలు ధార్మిక గ్రంథాలలో ఎంతగా అలవాటయ్యాయంటే, వాటి వింతదనం ఇప్పుడు కనిపించడం మానేసింది. అయినా ‘పిల్లవాణ్ణి బడి నుండి అడ్డగించాడు’ అని ఏ తెలుగువాడూ అనడు. ‘బడికి పోకుండా అడ్డగించాడు’ అంటాడు. ‘అన్’ అనే అరబీ అవ్యయం ఉర్దూలో ‘సే’ అయింది. ఆ ‘సే’ తెలుగులో ‘నుండి’ అయింది. ‘సే రోక్‌నా’ చక్కని ఉర్దూ. ‘నుండి ఆటంకపరచు’ తెలుగు కాదు.

తెలుగుకు తన సొంత సాధనం ఒకటి ఉంది. అది ‘-కుండా’ అనే ప్రత్యయం. రాకుండా ఆపు, నడవకుండా అడ్డగించు, వినకుండా చేయు - నిరోధార్థక క్రియలన్నిటికీ ఇదే సహజమైన తోడు. ‘నుండి’ మళ్ళించు, మరల్చు, దూరం చేయు, తొలగించు అనే క్రియలతోనే ఒదుగుతుంది. కనుక వాక్యంలో ‘నుండి’ అవసరమని తోచినప్పుడు, మార్చవలసినది క్రియనేమో అని అనువాదకుడు ఒకసారి ఆలోచించడం మంచిది.

ఇంకొక సాధనం కూడా ఉంది. ‘అడ్డుపడు’, ‘అడ్డమగు’ అనే క్రియలు. ‘ఆ అమ్మాయి చదువుకు మేనమామ అడ్డుపడ్డాడు’ అంటే వాక్యం నిండుగానే ఉంది. ఎవరిని ఆపాడనే కర్మ దానికి అక్కరలేదు. అట్లాగే ‘దైవమార్గానికి అడ్డమయ్యారు’ అంటే కుండలీకరణం లేకుండానే వాక్యం నిలుస్తుంది. పైగా మనిషి తన దారికి తానే అడ్డమయ్యే భావానికి కూడా అందులో కొంత చోటుంది. మరలిపోవడమనే అర్థాన్ని ఇది పూర్తిగా మోయలేదన్నది నిజం. దానికి పాదసూచిక కావలసిందే. అయినా మూలంలో లేని జనాన్ని వాక్యంలోకి తీసుకురాదు.

సందర్భాన్ని బట్టి పదం

మూడవ లోపం అన్నిచోట్లా ఒకే పదం వాడటం. ‘సద్ద’ వచ్చిన ఆయత్‌లన్నిటిలో జరుగుతున్న పని ఒకటి కాదు.

షుఐబ్ ప్రవక్త (అ) జాతివారు దారులలో కూర్చుని బెదిరిస్తున్నారు. దీనికి ‘అడ్డగించు’ సరిపోతుంది. దారి కాచి అడ్డగించడం తెలుగువారు ఎరిగిన మాటే. హిజ్రీ 6 (క్రీ.శ. 628)లో హుదైబియా వద్ద మక్కా ఖురైషులు ముస్లిములను మస్జిదె హరామ్‌కు రానివ్వని ఘటనను చెప్పే 48:25కూ అదే పదం తగినది. అక్కడ అడ్డు కంటికి కనిపించేది.

షైతాను సంగతి వేరు. 27:24లోనూ 29:38లోనూ అతడు మొదట మనుషుల చేష్టలను వారి కంటికి అందంగా చూపించాడు. తరువాత వచ్చిన క్రియ ‘సద్ద’. ఇక 43:37లో అటువంటివారు తాము సన్మార్గంలోనే ఉన్నామని భావిస్తుంటారని కూడా ఉంది. అడ్డగింపబడినవానికి తాను అడ్డగింపబడ్డానని తెలుస్తుంది. దారి మళ్ళింపబడినవానికి తెలియదు. కనుక ఈ మూడుచోట్లా ‘అడ్డగించాడు’, ‘నిరోధించాడు’ అనడం ఆయత్‌లోని హెచ్చరికకే విరుద్ధం. ‘మళ్ళించాడు’ అన్నప్పుడే అది నిలుస్తుంది.

మద్యం, జూదం గురించిన 5:91లో అవి మనిషిని దైవస్మరణకూ నమాజుకూ ‘దూరం చేస్తాయి’. 14:10లోనూ 34:43లోనూ ఆశ్చర్యకరమైన ప్రయోగం ఉంది. అక్కడ ఈ క్రియను వాడినవారు తిరస్కారులు. తాతముత్తాతల ఆరాధన నుండి తమను తప్పించజూస్తున్నారని వారు ప్రవక్తల మీద మోపిన నింద అది. ఇక్కడ ‘మాన్పించు’ అనే ఇంటిమాట ఎంతో నప్పుతుంది. ఈ రెండు ఆయత్‌లను బట్టి ‘సద్ద’ స్వతహాగా పాపాన్ని సూచించే క్రియ కాదని కూడా తెలుస్తుంది. దేని నుండి అన్నదే మంచిచెడ్డలను నిర్ణయిస్తుంది.

సబా రాణి వృత్తాంతంలోని 27:43 మరింత సున్నితమైనది. ప్రసిద్ధమైన వ్యాఖ్యానం ప్రకారం అక్కడి కర్త ఏ మనిషీ కాదు, ఆమె ఆరాధిస్తూ వచ్చినదే. ‘ఆమె ఆరాధించినది ఆమెను నిరోధించింది’ అన్న వాక్యం వ్యాకరణానికి లోబడుతుంది కాని మనసుకు అందదు. ‘ఇన్నాళ్ళూ కొలిచినదే ఆమెకు అడ్డమైంది’ అంటే పల్లెటూరి వృద్ధురాలికి సైతం అర్థమవుతుంది. ఆమెను ఆ ఆరాధన నుండి మళ్ళించడం జరిగిందని చెప్పే రెండవ వ్యాఖ్యానం కూడా ఉంది. దానికి పాదసూచికలో చోటివ్వాలి.

రెండు పఠనాలున్నచోట

40:37లో ఫిరౌను గురించిన వాక్యాన్ని ఖారీలు రెండు విధాలుగా చదివారు. ఆసిమ్, హమ్జా, కిసాయీ అనే కూఫా ఖారీల పఠనంలో అది ‘సుద్ద’. ఇది కర్మణి ప్రయోగం. నాఫి, ఇబ్నె కసీర్ మొదలైనవారి పఠనంలో అది ‘సద్ద’. ఇది కర్తరి. 13:33లోనూ ఇదే విధమైన భేదం ఉంది. ఒక పఠనంలో ఫిరౌను దారి నుండి తప్పింపబడ్డాడు. రెండవదానిలో అతడే తొలగాడు, లేక ఇతరులను తొలగించాడు.

భారతదేశంలో ప్రచారంలో ఉన్నది ఆసిమ్ నుండి హఫ్స్ అందించిన పఠనం కనుక తెలుగు అనువాదకుడు కర్మణి ప్రయోగాన్నే ఎదుర్కొంటాడు. వెంటనే ‘నిరోధించబడ్డాడు’ అని వ్రాస్తాడు. ‘-బడు’ చేర్చగానే, ఎవరిచేత అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న విధివ్రాతను గురించిన చర్చ వరకూ పోతుంది. నిరోధించినవాడు వేరొకడైతే ఫిరౌను దోషమేమిటని సందేహించే చదువరి కూడా ఉంటాడు. కర్తను చెప్పకుండా వదలదలచుకున్నప్పుడు తెలుగు సాధారణంగా ‘-బడు’ జోలికి పోదు. ‘అతనికి దారి మూసుకుపోయింది’ అంటుంది. ఆ వాక్యంలో అతని దుష్కర్మకూ చోటుంది, దైవనిర్ణయానికీ చోటుంది. మూలం విప్పనిదాన్ని ఆ వాక్యమూ విప్పదు.

పొరుగు క్రియలు

ఇటువంటి జాగ్రత్త ‘సద్ద’కే పరిమితం కాదు. 12:24లో ‘సరఫ’ క్రియ ఉంది. యూసుఫ్ ప్రవక్త (అ)ను చెడు నుండి మళ్ళించినట్లు తెలుగులో వ్రాయడం సులువు. కాని మూలంలో మళ్ళింపబడినది యూసుఫ్ కాదు, చెడు. ఆయన నుండి చెడును తొలగించడం జరిగింది. ‘నుండి’ని ఏ పదానికి చేర్చామన్నదాని మీద ఒక ప్రవక్త శీలాన్ని గూర్చిన భావం ఆధారపడి ఉంది. మొదటి వాక్యంలో ఆయన చెడు వైపు నడుస్తుండగా వెనక్కు తిప్పినట్లు ధ్వనిస్తుంది.

29:45లో నమాజు గురించి వచ్చిన క్రియ ‘నహా’. దాన్ని ‘ఆపుతుంది’ అని అనువదిస్తే, నమాజు చేస్తూనే చెడుపనులు చేసేవారిని చూపించి పాఠకుడు ప్రశ్నిస్తాడు. వ్యాఖ్యాతలు కూడా ఈ ప్రశ్నను చర్చించారు. ‘నహా’లో మాటతో వద్దనడమనే భావం ఉంది. తెలుగులో ‘వారించు’ సరిగ్గా అదే. తల్లి వారిస్తుంది, కొడుకు వినవచ్చు, వినకపోవచ్చు. వినకపోతే తప్పు వారించినదానిది కాదు.

ఒక ఆక్షేపణ

ఒకే అరబీ పదానికి ఒకే తెలుగు పదం వాడితే విద్యార్థికి మేలు కదా, సందర్భానికొక పదం వాడితే మూలంలోని ఏకత్వం చెదరదా అని అడగవచ్చు. పైన ‘మునాఫిఖూన్’ సూరాను గూర్చి చెప్పినది కూడా ఆ ఆక్షేపణకు బలం చేకూరుస్తుంది. ఇందులో న్యాయం ఉంది. ఒకే సూరాలో, ఒకే మనుషులను గురించి మళ్ళీ వచ్చినప్పుడు పదాన్ని నిలుపుకోవడానికి ప్రయత్నించాలి. 63:2లో ‘మరలిపోయారు’ అని వ్రాసి, రెండవ అర్థాన్ని పాదసూచికలో ఇస్తే 63:5తో ముడి నిలుస్తుంది. కాని వేర్వేరు సూరాలలో, వేర్వేరు కర్తలతో వచ్చినప్పుడు పదసామ్యం కోసం అర్థాన్ని బలిచేయనక్కరలేదు. విద్యార్థికి ధాతువును తెలియజేయడానికి పాదసూచికలున్నాయి, పదసూచి ఉంది. సామాన్య పాఠకునికి ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

ఎవరి మీద అభియోగం?

మళ్ళీ 47:1కి వద్దాం. ‘(ప్రజలను) ఆటంకపరిచారు’ అని చదివినప్పుడు విశ్వాసి హృదయం నిశ్చింతగా ఉంటుంది. అతడు ఎవరినీ ఆపలేదు. ఆ ఆయత్ మక్కా సర్దారులను గూర్చినది, ఇస్లాం విరోధులను గూర్చినది. కాని మరలిపోవడమనే అర్థం కూడా అందులో ఉందని తెలిసినప్పుడు, అతడు తనను తాను ఒకసారి చూసుకోవలసి వస్తుంది. బజారు పనిలో అజాన్ విని కూడా విననట్లున్నవాడు ఎవరికీ అడ్డుపడలేదు. అయినా ముఖం ఎటు తిప్పాడు? అతన్ని తిరస్కారుల జాబితాలో చేర్చమని దీని భావం కాదు. ఆయత్ అవిశ్వాసులను గూర్చినదే. కాని అందులోని హెచ్చరిక విశ్వాసి చెవిని కూడా చేరాలి.

34వ సూరా ‘సబా’లో ప్రళయదినపు సంవాదం ఒకటుంది (34:31-33). బలహీనులు తమ నాయకులను నిందిస్తారు, మీరు లేకుంటే మేము విశ్వసించేవాళ్ళమని. నాయకులు ఇదే క్రియను వాడి, సన్మార్గం మీ వద్దకు వచ్చిన తరువాత మేమా మిమ్మల్ని ఆపినది అని ఎదురు ప్రశ్నిస్తారు. దోషం మీదేనంటారు. బలహీనులు, మీరు రేయింబవళ్ళు పన్నిన కుట్రే కారణమని బదులు చెబుతారు. ఆపినవాడు మరలిపోయినవాణ్ణి చూపుతున్నాడు. మరలిపోయినవాడు ఆపినవాణ్ణి చూపుతున్నాడు. ‘సద్ద’లోని రెండర్థాలే ఇద్దరు మనుషులై అక్కడ వాదించుకుంటున్నట్లుంది. ఆ వాదంలో ఎవరికీ విడుదల లభించలేదు. చివరకు ఇరుపక్షాలకూ శిక్ష ఎదురుగా కనిపిస్తుంది.

తెలుగు అనువాదం ఆ ఇద్దరిలో ఒకరినే ఎప్పుడూ బోనులో నిలబెట్టి, రెండవవానికి తెలియకుండానే తప్పుకునే దారి చూపిస్తున్నది. ‘ప్రజలను’ అనే ఒక్క మాటను కుండలీకరణం నుండి తొలగించి, దాని స్థానంలో రెండు పంక్తుల పాదసూచిక వ్రాస్తే ఈ లోపం చాలావరకు సరిదిద్దబడుతుంది. పునర్ముద్రణలకు పూనుకునేవారు ఈ క్రియ వచ్చిన ఆయత్‌లన్నిటినీ ఒకచోట చేర్చి, ఒక్కొక్కచోట ఆపినదెవరు, ఆగినదెవరు అని విచారించి సవరిస్తే, రాబోయే పాఠకునికి మేలు చేసినవారవుతారు.